హైడ్రోకార్బన్ల జీవ విచ్ఛిన్నం

నేల మీద గాని నీటిలో గాని ఒలికిన ముడి చమురు, పెట్రోలు, డీజిలు, ఇంజను ఆయిలు వంటి పదార్థాలలోని హైడ్రోకార్బన్లను సూక్ష్మజీవులు ఆహారంగా గ్రహించి, చివరకు బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను మార్చే ప్రక్రియను హైడ్రోకార్బన్ల జీవ విచ్ఛిన్నం అంటారు. ఉదజని, కర్బనం అనే రెండు మూలకాలతో మాత్రమే ఏర్పడినవి కనుక హైడ్రోకార్బన్లను తెలుగులో ఉదకర్బనాలు అని కూడా వ్యవహరిస్తారు. సముద్రంలో ఓడ పగిలి చమురు తెట్టు కట్టినప్పుడైనా, హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల మీద వాహనాల నుండి కారిన నూనె వానకు నాలాలోకి కొట్టుకుపోయినప్పుడైనా, ఈ పని చేసేవి దాదాపు ఒకే తరహా సూక్ష్మజీవులు. అయితే ఆ పని ఎంత వేగంగా, ఎంతవరకు సాగుతుందనేది ఆ చోట దొరికే ఆమ్లజని (ఆక్సిజన్), నత్రజని, భాస్వరాలను బట్టి ఉంటుంది. చమురు తినే సూక్ష్మజీవులు లేని చోటు భూమి మీద అరుదు. వాటికి తగిన పరిస్థితులు లేని చోట్లు మాత్రం చాలా ఉన్నాయి.

చమురులోని పదార్థాలు

ముడి చమురు ఒకే పదార్థం కాదు. అది వేల రకాల అణువుల మిశ్రమం. వీటిని స్థూలంగా నాలుగు తరగతులుగా విభజిస్తారు. మొదటిది సంతృప్త హైడ్రోకార్బన్లు. కర్బన పరమాణువులు గొలుసులుగా గాని, వలయాలుగా గాని అమరి ఉండే ఆల్కేన్లు ఈ తరగతిలోనివి. కొవ్వొత్తి మైనం కూడా ఈ కోవకే చెందుతుంది. రెండవది బెంజీను వలయాలు గల ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. మూడవది రెజిన్లు, నాల్గవది ఆస్ఫాల్టీన్లు. చివరి రెండింటిలో గంధకం, నత్రజని, ఆమ్లజని కూడా ఉంటాయి కనుక అవి కచ్చితమైన అర్థంలో హైడ్రోకార్బన్లు కావు.

సూక్ష్మజీవులు వీటన్నిటినీ ఒకే తీరుగా తినవు. కొమ్మలు లేని తిన్నని గొలుసు ఆల్కేన్లు ముందుగా ఖర్చవుతాయి. తరువాత కొమ్మలున్న ఆల్కేన్లు, ఒకటి రెండు వలయాలు గల ఆరోమాటిక్ పదార్థాలు, వలయాకారపు ఆల్కేన్లు తగ్గుతూ వస్తాయి. నాలుగైదు వలయాలు అతుక్కుని ఉండే బెంజోపైరీన్ వంటి బహువలయ ఆరోమాటిక్ పదార్థాలు చాలా కాలం నిలిచి ఉంటాయి. వీటిలో కొన్ని క్యాన్సరు కారకాలు. ఆస్ఫాల్టీన్లను సూక్ష్మజీవులు దాదాపు ముట్టవు. రోడ్లు వేసే తారులో ఇవి అధికంగా ఉండడం మన అదృష్టమనే చెప్పాలి, లేకపోతే రోడ్లను కూడా అవి తినివేసేవి.

చమురు తినే సూక్ష్మజీవులు

సూడోమొనాస్, ఎసినెటోబాక్టర్, రోడోకాకస్, మైకోబాక్టీరియం ప్రజాతుల బాక్టీరియాలు నేలలోను, మంచినీటిలోను చమురును విచ్ఛిన్నం చేయగలవు. సముద్రంలో ఈ పాత్ర అల్కానివోరాక్స్, సైక్లోక్లాస్టికస్ వంటి వాటిది. 1998లో వర్ణించబడిన అల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్ అనే బాక్టీరియా చక్కెరలను దాదాపుగా వాడుకోలేదు, ఆల్కేన్లే దాని ప్రధాన ఆహారం. బూజులలో ఆస్పర్జిల్లస్, పెనిసిలియం, ఈస్టులలో కాండిడా కూడా ఈ పని చేస్తాయి.

మోటారు బండ్లు పుట్టి నూటపాతికేళ్ళ పైచిలుకే అయినా సూక్ష్మజీవులకు ఈ విద్య ఎలా అబ్బిందన్న సందేహం కలగవచ్చు. సముద్రగర్భంలోని పగుళ్ళ నుండి చమురు కోట్ల ఏళ్ళుగా ఊరుతూనే ఉంది. మొక్కల ఆకుల మీది మైనంలోను, కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాల కణాలలోను ఆల్కేన్లు ఉంటాయి. కనుక ఈ ఆహారం వాటికి కొత్తది కాదు. చమురు సోకని నేలలో ఇటువంటి సూక్ష్మజీవులు మొత్తంలో వెయ్యింట ఒక వంతు కంటే తక్కువగా ఉంటాయి. చమురు పడిన కొన్ని రోజులకు, వారాలకు వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. అపార్టుమెంట్ల జనరేటర్లలో చాలాకాలం వాడకుండా ఉంచిన డీజిలు ట్యాంకు అడుగున చేరే జిగట మడ్డి కూడా చాలాసార్లు ఇటువంటి వాటి పనే. ట్యాంకు గోడల మీద చెమ్మ దిగి అడుగున కాస్త నీరు చేరితే, డీజిలుకు, నీటికి మధ్య సరిహద్దులో బాక్టీరియాలు, బూజులు పెరిగి ఫిల్టరును పూడ్చివేస్తాయి. నీరు లేని డీజిలులో అవి పెరగలేవు.

విచ్ఛిన్నం జరిగే విధానం

చమురు నీటిలో కరగదు కనుక సూక్ష్మజీవికి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఆహారాన్ని చేరుకోవడమే. కొన్ని బాక్టీరియాలు నేరుగా నూనె బిందువుకు అంటుకుంటాయి. మరికొన్ని సబ్బు వంటి పదార్థాలను తయారు చేసి నూనెను సన్నని తుంపరలుగా విడగొడతాయి. సూడోమొనాస్ ఏరుజినోసా తయారు చేసే రామ్నోలిపిడ్లు ఈ తరహావి.

ఆల్కేను అణువు రసాయనికంగా మొండిది. దానిని కదిలించడానికి ఆక్సిజనేజులు అనే ఎంజైములు గాలిలోని ఆమ్లజని అణువు నుండి ఒక పరమాణువును తీసి గొలుసు చివరి కర్బనానికి తగిలిస్తాయి. దీనితో ఆల్కేను ఆల్కహాలుగా మారుతుంది. ఆల్కహాలు ఆల్డిహైడుగా, అది కొవ్వు ఆమ్లంగా మారుతాయి. అక్కడి నుండి కథ మనకు తెలిసినదే. మన శరీరం వంటనూనెను అరిగించుకునే బీటా ఆక్సీకరణ పద్ధతిలోనే గొలుసు నుండి రెండేసి కర్బనాలు తెగి, అసిటైల్ కోఎంజైము-ఏ రూపంలో క్రెబ్స్ వలయంలోకి ప్రవేశిస్తాయి. ఆరోమాటిక్ పదార్థాల విషయంలో డైఆక్సిజనేజులు రెండు ఆమ్లజని పరమాణువులను ఒకేసారి చేరుస్తాయి. వలయం కాటికోల్‌గా మారి, ఆ తరువాత తెగి తిన్నని గొలుసు అవుతుంది.

ఈ విధంగా మొదటి అడుగులోనే ఆమ్లజని కావలసి వస్తుంది. శ్వాసక్రియ ముగింపులోనూ మళ్ళీ ఆమ్లజనే కావాలి.

ఆమ్లజని, నత్రజని, భాస్వరం అవసరం

డీజిలులో ఉండే హెక్సాడెకేను అణువులో 16 కర్బన పరమాణువులు, 34 ఉదజని పరమాణువులు ఉంటాయి. ఇది పూర్తిగా బొగ్గుపులుసు వాయువు, నీరుగా మారాలంటే ఒక కిలో హెక్సాడెకేనుకు సుమారు మూడున్నర కిలోల ఆమ్లజని అవసరం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న శుభ్రమైన మంచినీటిలో లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆమ్లజని మాత్రమే కరిగి ఉంటుంది. ఈ రెండు అంకెలను కలిపి చూస్తే, ఒక లీటరు నూనె పూర్తిగా విచ్ఛిన్నం కావడానికి సుమారు నాలుగు లక్షల లీటర్ల నీటిలోని ఆమ్లజని అంతా ఖర్చవుతుందని తేలుతుంది. సూక్ష్మజీవి నూనెలో కొంత భాగాన్ని తన శరీర నిర్మాణానికి వాడుకుంటుంది కాబట్టి వాస్తవంలో ఈ లెక్క కొంత తగ్గవచ్చు. అయినా ఒక చిన్న డబ్బా నూనె ఎంత నీటిని ఊపిరాడకుండా చేయగలదో దీనివలన అర్థమవుతుంది.

నూనెలో కర్బనం పుష్కలంగా ఉన్నా నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. కణాలు పెరగాలంటే ఆ రెండూ తప్పనిసరి. నూరు పాళ్ళ కర్బనానికి పది పాళ్ళ నత్రజని, ఒక పాలు భాస్వరం ఉండాలని శుద్ధి పనులలో ఒక వాడుక లెక్క ఉంది. ఒక టన్ను చమురులో సుమారు 850 కిలోల కర్బనం ఉంటుంది కనుక, ఈ లెక్క ప్రకారం 85 కిలోల నత్రజని, అనగా సుమారు 185 కిలోల యూరియా కావాలి. ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. నేలలో సాధారణంగా 30 నుండి 40 డిగ్రీల మధ్య ఈ క్రియ చురుకుగా సాగుతుంది. ఈ ఒక్క విషయంలో తెలుగు ప్రాంతాల వాతావరణం సూక్ష్మజీవులకు ఎంతో అనుకూలం.

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో చమురు

చమురు కాలుష్యం అనగానే మునిగిన ఓడలు, నల్లబడిన పక్షులు గుర్తుకు రావడం సహజం. కాని అమెరికా జాతీయ అకాడమీలు 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం, మానవుల వలన ఉత్తర అమెరికా సముద్రాలలో చేరే చమురులో పెద్ద భాగం ఓడల నుండి కాక భూమి మీది నుండి, అంటే రోడ్లు, నగరాల నుండి నీటితో కొట్టుకువచ్చేదే. ఈ దృష్టితో చూస్తే హైదరాబాదులో అత్యంత రద్దీగా ఉండే అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్ళు కూడా చమురు కాలుష్యపు చర్చలోకి వస్తాయి. ముంబయి వైపు వెళ్ళే జాతీయ రహదారి ఈ రెండింటి మీదుగా సాగుతుంది. వాహనాల నుండి కారే ఇంజను ఆయిలు, పెట్రోలు బంకులలో ఒలికే చుక్కలు, వీధి చివరి మెకానిక్ షెడ్లలో మార్చిన పాత ఆయిలు, సర్వీసింగ్ కేంద్రాలలో బండ్లు కడిగిన నీరు ఇటువంటి ప్రాంతాలలో చమురుకు మూలాలు.

తొలకరి వానకు రోడ్డు మీద కనిపించే ఇంద్రధనుస్సు రంగుల పొర ఈ నూనెదే. అటువంటి పొర మందం సుమారు 0.3 నుండి 5 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది. ఒక మైక్రోమీటరు మందాన పరచుకుంటే ఒక లీటరు నూనె వెయ్యి చదరపు మీటర్లను కప్పుతుంది. ఇంత పలుచగా, గాలికి ఆనుకుని ఉన్న నూనెను సూక్ష్మజీవులు తేలికగా తినగలవు. కాని పొర అక్కడే నిలవదు. ఈ ప్రాంతపు వాననీరు నాలాల గుండా హుస్సేన్ సాగర్ వైపు పారుతుంది. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా ఈ చెరువులో కలిసే ముఖ్యమైన కాలువలు.

నాలాలో పరిస్థితి సముద్రానికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. నడి సముద్రపు ఉపరితలం మీద ఆమ్లజనికి కొరత లేదు, నత్రజని, భాస్వరాలకే కొరత. నాలాలో మురుగునీరు కలవడం వలన ఆ రెండూ అవసరానికి మించి ఉంటాయి, కాని ఆ మురుగునే కుళ్ళబెట్టే బాక్టీరియాలు నీటిలోని ఆమ్లజనిని ముందుగానే ఖర్చు చేసేస్తాయి. నూనె మట్టి రేణువులకు అంటుకుని అడుగుకు దిగితే, అక్కడి నల్లని బురదలో ఆమ్లజని దాదాపు శూన్యం. కనుక సముద్రపు తెట్టు మీద ఎరువు చల్లి సాధించిన ఫలితాన్ని చూసి, నాలాలోనో చెరువులోనో అదే జరుగుతుందని భావించడం పొరపాటు. హుస్సేన్ సాగర్ నీటి దుర్వాసనను తగ్గించేందుకు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ చేపట్టిన జీవశుద్ధి పనుల లక్ష్యం ప్రధానంగా మురుగులోని సేంద్రియ పదార్థమే. దానిని చమురు శుద్ధిగా అర్థం చేసుకోరాదు.

వాడేసిన ఇంజను ఆయిలు కొత్త ఆయిలు కంటే మొండిది. ఇంజను వేడికి దానిలో బహువలయ ఆరోమాటిక్ పదార్థాలు చేరుతాయి. అరుగుదల వలన లోహపు రజను, ఆయిలులో ముందే కలిపి ఉండే జింకు సమ్మేళనాలు సూక్ష్మజీవులకు చేటు చేస్తాయి. భూగర్భంలో పెట్రోలు ట్యాంకు కారితే సమస్య మరొక విధంగా ఉంటుంది. హైదరాబాదు నగరం గ్రానైటు శిలల మీద ఉన్నది. పైనున్న శిథిల శిల పొరను దాటిన నీరు, దానితోపాటు పెట్రోలులోని బెంజీను, టోలుయీను వంటి కొద్దిగా కరిగే పదార్థాలు రాతి పగుళ్ళ వెంట పోతాయి. ఇసుక నేలలో కాలుష్యం ఎటు పోతుందో కొంతవరకు అంచనా కట్టవచ్చు. పగుళ్ళలో అది ఏ బోరుబావిలో తేలుతుందో చెప్పడం కష్టం, అక్కడికి గాలిని గాని పోషకాలను గాని చేర్చడం ఇంకా కష్టం.

ఆమ్లజని లేని చోట

ఆమ్లజని లేకుండా హైడ్రోకార్బన్లు విచ్ఛిన్నం కావని చాలాకాలం భావించారు. 1990వ దశకంలో ఈ అభిప్రాయం మారింది. హెక్సాడెకేనును సల్ఫేటు సాయంతో ఆక్సీకరించే బాక్టీరియాను 1991లో జర్మనీ శాస్త్రజ్ఞులు వర్ణించారు. హెక్సాడెకేను నుండి మీథేను వాయువు పుట్టించే సూక్ష్మజీవుల సమూహం గురించి 1999లో ప్రకటన వెలువడింది. ఈ జీవులు ఆమ్లజనికి బదులుగా నైట్రేటును, ఫెర్రిక్ ఇనుమును, సల్ఫేటును వాడుకుంటాయి. మొదటి అడుగులో ఆమ్లజనిని తగిలించే బదులు, ఫ్యూమరేటు అనే చిన్న అణువును హైడ్రోకార్బనుకు చేర్చడం వీటిలో ఎక్కువగా కనిపించే ఉపాయం. అయితే ఈ మార్గం చాలా నెమ్మది. చెరువు అడుగు బురదలో చేరిన నూనె ఏళ్ళ తరబడి ఉండిపోవడానికి కారణం ఇదే.

ఈ ఇబ్బందికి హైదరాబాదులోనే ఒక ఆసక్తికరమైన ప్రయోగం జరిగింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు పెట్రోలియం మడ్డిని ఇంధనంగా వాడే సూక్ష్మజీవ ఇంధన ఘటాన్ని గురించి 2012లో ప్రచురించారు. సూక్ష్మజీవులు మడ్డి నుండి తీసిన ఎలక్ట్రాన్లను ఆమ్లజనికి కాక ఒక ఎలక్ట్రోడుకు అందిస్తాయి. మడ్డిలోని బహువలయ ఆరోమాటిక్ పదార్థాలు తగ్గడంతోపాటు కొద్దిపాటి విద్యుత్తు కూడా పుడుతుంది.

చరిత్ర

మీథేనును ఆహారంగా తీసుకునే బాక్టీరియాను నెదర్లాండ్స్‌కు చెందిన సోన్‌గెన్ 1906లో వేరుచేశాడు. హైడ్రోకార్బన్లపై సూక్ష్మజీవుల చర్య గురించి అప్పటివరకు తెలిసిన విషయాలను అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ జోబెల్ 1946లో ఒక సమీక్షా వ్యాసంగా ప్రచురించాడు.

ఈ విషయం సామాన్య ప్రజల దృష్టికి రావడానికి కారకుడు బెంగాలులో జన్మించిన ఆనంద్ మోహన్ చక్రవర్తి (1938-2020). ఆయన అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, వేర్వేరు హైడ్రోకార్బన్లను విచ్ఛిన్నం చేసే ప్లాస్మిడ్లను ఒకే సూడోమొనాస్ కణంలో చేర్చి, 1972లో దానిపై పేటెంటుకు దరఖాస్తు చేశాడు. జీవికి పేటెంటు ఇవ్వరాదని పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. వివాదం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్ళి, 1980 జూన్ 16న 5-4 ఆధిక్యతతో తీర్పు చక్రవర్తి పక్షాన వచ్చింది. జీవసాంకేతిక పరిశ్రమకు ఈ తీర్పు పునాది అయింది. అయితే ఇంత పేరు పొందిన ఆ బాక్టీరియాను సముద్రపు తెట్టు మీద వాడనే లేదు. ప్రయోగశాలలో బాగా తిన్న జీవి ఆరుబయట స్థానిక జీవులతో పోటీపడి నిలవడం అరుదని తరువాతి అనుభవాలు తెలిపాయి.

శుద్ధిలో ఉపయోగం

1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ బండరాళ్ళకు తగిలి సుమారు 37 వేల టన్నుల ముడి చమురు ఒలికింది. అక్కడి రాతి తీరాల మీద నత్రజని, భాస్వరం గల ఎరువులను చల్లగా, స్థానిక సూక్ష్మజీవుల పని వేగం పుంజుకుంది. కొత్త బాక్టీరియాను చేర్చవలసిన అవసరం రాలేదు. అయినా తీరపు గులకరాళ్ళ అడుగున, గాలి సోకని చోట చిక్కుకున్న చమురు దశాబ్దాల తరువాత కూడా తవ్వితే బయటపడింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి 87 రోజులపాటు చమురు చిమ్మినప్పుడు, వెయ్యి మీటర్లకు మించిన లోతున చల్లని నీటిలో సైతం చమురు తినే బాక్టీరియాలు విపరీతంగా వృద్ధి చెందాయి. చమురు తుంపరలుగా చెదరి ఉండడం, నీటిలో ఆమ్లజని మిగిలి ఉండడం ఇందుకు తోడ్పడ్డాయి.

తెలుగువారికి చమురు సంబంధిత ప్రమాదం అనగానే గుర్తుకు వచ్చేది కోనసీమలోని పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జిసి బావిలో బ్లోఅవుట్ జరిగి, మంటలు 65 రోజులు మండాయి. కాని అక్కడ ఎగదన్నినది ప్రధానంగా సహజవాయువు, అది మంటలోనే కాలిపోయింది. సూక్ష్మజీవుల పాత్రకు అది ఉదాహరణ కాజాలదు. దగ్గరి ఉదాహరణ చెన్నై సమీపంలోని ఎన్నూరు. 2017 జనవరి 28న కామరాజర్ నౌకాశ్రయం వద్ద రెండు నౌకలు ఢీకొని చమురు తీరానికి కొట్టుకువచ్చింది. జనం బకెట్లతో ఎత్తిపోసిన బురదను నౌకాశ్రయ ప్రాంగణంలోనే సూక్ష్మజీవుల సాయంతో శుద్ధి చేసే ఏర్పాటు జరిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదకు మణలి పారిశ్రామిక ప్రాంతం నుండి చమురు కొట్టుకువచ్చి ఎన్నూరు కయ్యలోను, మడ అడవులలోను చేరి జాలరుల జీవనోపాధిని దెబ్బతీసింది. వరదనీటితో పాటు నూనె కాలువల గుండా ప్రయాణించిన ఈ రెండవ ఉదంతం నగరపు నాలాలకు మరింత దగ్గర పోలిక.

భారతదేశంలో చమురు బావులు, శుద్ధి కర్మాగారాల వద్ద పేరుకున్న మడ్డిని శుద్ధి చేయడానికి ఢిల్లీలోని టెరి సంస్థ ఆయిల్ జాపర్ అనే బాక్టీరియా మిశ్రమాన్ని రూపొందించింది. కలుషితమైన మట్టిని పలుచగా పరిచి, బాక్టీరియాను, పోషకాలను కలిపి, తడుపుతూ మాటిమాటికి దున్నడం ఈ పని తీరు. దున్నడంలోని అంతరార్థం మట్టికి గాలి అందించడమే. మట్టిని తవ్వి తీయలేని చోట గొట్టాల ద్వారా భూమిలోకి గాలిని పంపుతారు.

విచ్ఛిన్నాన్ని కొలిచే పద్ధతి

నూనె కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన సూక్ష్మజీవులు తిన్నట్టు కాదు. పెట్రోలులో చాలా భాగం గాలిలో ఆవిరైపోతుంది, డీజిలు కొంత మట్టికి అంటుకుంటుంది, మరికొంత నీటితో కొట్టుకుపోతుంది. అందుచేత శుద్ధి జరిగిందన్న మాటను నిర్ధారించడానికి గాస్ క్రోమటోగ్రఫీతో ఒక పోలిక చేస్తారు. 17 కర్బనాల తిన్నని గొలుసు గల హెప్టాడెకేను, కొమ్మలు గల ప్రిస్టేను దాదాపు ఒకే వేగంతో ఆవిరవుతాయి. కాని సూక్ష్మజీవులు మొదటిదానిని ముందుగా తింటాయి. కనుక ప్రిస్టేనుతో పోలిస్తే హెప్టాడెకేను పాలు పడిపోతే అది జీవ విచ్ఛిన్నానికి గుర్తు. ఎక్కువ కాలం సాగిన శుద్ధిలో ప్రిస్టేను కూడా ఖర్చవుతుంది కనుక, దాదాపు ఏ జీవీ ముట్టని హోపేనును కొలబద్దగా తీసుకుంటారు. బాక్టీరియా పొడి చల్లిన చోటును, చల్లకుండా దున్ని ఎరువు మాత్రమే వేసిన చోటును పక్కపక్కన ఉంచి ఈ కొలతలు తీస్తే గాని పొడి వలన కలిగిన లాభం ఎంతో తేలదు.

చట్టం

భారతదేశంలో వాడేసిన ఇంజను ఆయిలు ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తుంది. దానిని నేల మీద గాని కాలువలో గాని పారబోయరాదు, అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రాలకు అప్పగించాలి. 2023లో చేసిన సవరణ ప్రకారం, లూబ్రికేటింగ్ ఆయిలు తయారీదారులు, దిగుమతిదారులు వాడేసిన ఆయిలులో నిర్ణీత భాగాన్ని పునఃశుద్ధి చేయించే బాధ్యత వహించాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.